ముఖ్య అతిథికి వినిపించవలసిన దోమ

తప్పంతా కుక్కరుది. ఆ సంగతి మా సాంకేతిక ప్రోత్సాహక మండలిలో అందరికీ తెలుసు, పైకి మాత్రం ఎవరూ అనరు.

కిందటేడు మా వార్షిక ప్రదర్శనలో ఒకాయన మాట్లాడే కుక్కరు పెట్టాడు. ఎన్ని విజిళ్లు వచ్చాయో అది నోటితో చెబుతుంది. వేదిక మీద ముఖ్య అతిథి గారి ఎదుటే దాన్ని పొయ్యి ఎక్కించారు. "మూడో విజిల్ వచ్చిందండీ" అని కుక్కరు వినయంగానే విన్నవించుకుంది. ముఖ్య అతిథి గారికి వినపడలేదు. ఆయన చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని "ఏవంటోందీ?" అన్నారు. సరిగ్గా అప్పుడే ఎవడో ఫోటో తీశాడు. మర్నాడు అది పేపర్లో పడింది, కింద "ప్రజల గోడు వినపడదా?" అని రాసి మరీ.

ఆయన ఇక మా గుమ్మం తొక్కనన్నారు. ఆయన్ని బతిమాలి ఒప్పించడానికి మా డైరెక్టరు కొండలరావు గారు ఒక సర్క్యులర్ జారీ చేశారు. "శబ్దము వెలువరించు ప్రతి పరికరము, ముఖ్య అతిథి తన ఆసనము నుండి లేవకుండ, మెడ చాచకుండ, చెవికి చేయి అడ్డము పెట్టకుండ వినగలుగునట్లు ఉండవలెను. ముఖ్య అతిథి వినువరకు సదరు పరికరము మండలి స్వాధీనములో ఉండవలెను. అంతవరకు దానికి నకలు తయారుచేయరాదు."

నేను ఆ మండలిలో సీనియర్ అసిస్టెంటుని. పేరు సూరపరాజు. ఆ సర్క్యులర్ టైపు చేసింది నేనే. అప్పుడు నాకు అందులో తప్పేమీ కనిపించలేదు. జీవితమంతా సర్క్యులర్లు టైపు చేసినవాడికి తప్పులు కనిపించవు, కామాలు కనిపిస్తాయి.

దాని కింద మాకు చిక్కిన మొదటి వస్తువు కెజియా గారిది. ఆవిడ మా ఊరి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పే కాంట్రాక్టు లెక్చరరు. ఇంట్లో ఆడుకోవడానికి చేతిలో పట్టే వీడియోగేమ్ ఒకటి సొంతంగా తయారుచేసుకుంది. అతుకులు పెట్టింది కాలేజీ సోల్డరింగ్ ఐరన్‌తో కనుక, ఐరన్ ప్రభుత్వానిది కనుక, వస్తువు మండలి ముందుకు వెళ్లి తీరాలని వాళ్ల ప్రిన్సిపాలు పంపించేశాడు. ఆవిడ మా ఆఫీసులోకి రావడమే చెంగు బిగించుకుని వచ్చింది.

"ఇంట్లో ఆడుకునే బొమ్మకి ముఖ్య అతిథి ఏంటండీ? మా ఇంటికి పాలావిడ తప్ప ఎవరూ రారు."

"రూలు ఉందమ్మా."

"పాలావిడకి వినపడుతోంది. సరిపోదా?"

పాలావిడ ముఖ్య అతిథి నిర్వచనంలోకి రాదని చెప్పి, వస్తువు చేతిలోకి తీసుకున్నాను. సబ్బుపెట్టెంత ఉంది. ఒక చిన్న తెర, రెండు మీటలు, రూపాయి బిళ్లంత స్పీకరు. మీట నొక్కాను. తెర నల్లగానే ఉండిపోయింది.

"వెలగలేదమ్మా."

"వెలగదండి. చీకటి గదిలో దోమ ఉంది. చూడక్కర్లేదు, వినండి. కూత ఆగిందంటే మీ మీద వాలినట్టు. వాలీ వాలగానే నొక్కాలి. ముందు నొక్కితే ఎగిరిపోద్ది, ఆలస్యమైతే కుడుతుంది."

విన్నాను. దూరంగా ఎక్కడో సన్నగా మొదలైంది. దగ్గరికొచ్చింది. కొంచెం బొంగురుగా, కావాలని నన్నే వెతుక్కుంటూ వచ్చినట్టు చెవి పక్కనుంచి పోయింది. మళ్లీ తిరిగొచ్చింది. ఆగిపోయింది. నేను మీట నొక్కడం మరిచిపోయి, నా చెంప ఛెళ్లున వాయించుకున్నాను. పక్క సీట్లో క్యాషియరు గారు కూడా మెడ మీద కొట్టుకున్నారు. గోదావరి జిల్లాలో పుట్టినవాడికి ఆ కూత నేర్పక్కర్లేదు.

"ఇంత చిన్నదాంట్లోంచి ఇంత నిజమైన దోమ ఎలా తెచ్చావమ్మా?" అన్నాను. మనసారానే అన్నాను.

ఆవిడ కోపం కాస్త చల్లబడింది. "మొదట్లో ఇది దోమలా లేదండి. రేకు డబ్బాలో పడ్డ ఈగలా ఉండేది. స్పీకరుకి ముందుకొచ్చే శబ్దం ఒకటి, వెనక్కి పోయేది ఒకటి. రెండూ కలిశాయంటే ఒకదాన్నొకటి మింగేస్తాయి. బొంగురంతా పోయి కీచు మిగులుద్ది. అందుకని వెనకాల తలనొప్పి మందు డబ్బా మూత బోర్లించి, అంచులంట గాలి పోకుండా బంక పెట్టి మూసేశాను. లోపల చిటికెడు దూది. ఎన్ని మూతలు మార్చానో నాకే తెలీదు. మా ఇంట్లో ఎవరికీ తలనొప్పి లేకపోయినా డబ్బాలన్నీ ఖాళీ."

ఆపైన గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. "మా ఆయన కోసం చేశానండి. ఆయనకి చూపు పోయింది. ఉన్నది ఇదొక్కటే. తొందరగా ఇచ్చెయ్యండి."

ముఖ్య అతిథి గారికి వినపడగానే ఇచ్చేస్తామని మాట ఇచ్చాను. రసీదు కూడా ఇచ్చాను.

పరీక్ష డైరెక్టరు గారి గదిలో జరిగింది. ముఖ్య అతిథి స్థానంలో ఆయనే కూర్చున్నారు. కుర్చీ వీపు మీద తెల్ల తువ్వాలు, ఆ తువ్వాలు మీద ఆయన వీపు. పక్కన జాయింట్ డైరెక్టరు అనసూయాదేవి గారు, ఆవిడ పక్కన అసిస్టెంట్ డైరెక్టరు గారు. కెజియా గారు ఎదురుగా నిలబడి మీట నొక్కింది. దోమ బయల్దేరింది.

డైరెక్టరు గారు చెయ్యెత్తారు. "ఆపుడు. ఈ శబ్దము ప్రప్రథమముగా ఎవరి చెవిని చేరినది?"

"నాకేనండి. చేతిలో నేనే పట్టుకున్నాను కదా" అంది ఆవిడ.

"అదియే లోపము. ప్రభుత్వ వ్యవస్థలో ఏ విషయమైనను పైనుండి కిందికి రావలెను. కిందినుండి పైకి వచ్చునది ఫిర్యాదు మాత్రమే. ఒక కాంట్రాక్టు లెక్చరరు విని వదలిన శబ్దమును ముఖ్య అతిథి వినుటయా?"

ఆ మాటకి గదిలో అందరం సిగ్గుపడ్డాం. వెంటనే స్పీకరు విప్పి, ఆడేవారి వైపు కాకుండా అధికారి వైపు ఉండేలా తిప్పి బిగించాలని తీర్మానమైంది. ఆవిడ అక్కడే కూర్చుని తిప్పి బిగించింది. మళ్లీ దోమ బయల్దేరింది. డైరెక్టరు గారు తృప్తిగా చెంప తడుముకున్నారు.

అప్పుడు జేడీ అనసూయాదేవి గారు లేచారు. "ఒక సందేహము. శబ్దము నేరుగా డైరెక్టరు గారికి చేరుచున్నది, సంతోషము. నాకు మాత్రము ఎదుటి గోడకు తగిలి, ఆ పిమ్మట చేరుచున్నది. గోడ నాకంటె సీనియరా?"

అందరం నిబంధనల పుస్తకం తిరగేశాం. సర్వీసు నిబంధనల్లో గోడ ప్రస్తావన లేదు. చివరికి ఎవరి శబ్దం వారికే అందేలా, హోదాకు తగ్గ స్పీకరు ఒక్కొక్కరికి అమర్చాలని నిర్ణయించారు. డైరెక్టరు గారికి అన్నం పళ్లెమంత, జేడీ గారికి టిఫిను ప్లేటంత, ఏడీ గారికి సాసరంత. సూపరింటెండెంటుకి కప్పుమూతంత. ఆ కింది సిబ్బందికి, కాంట్రాక్టు వారికి శబ్దార్హత లేదు. శబ్దార్హత అనే మాట ఆ రోజే పుట్టింది. నేనే టైపు చేశాను, చూడటానికి బాగానే ఉంది.

"వినకుండా ఆడటం ఎలాగండీ?" అంది కెజియా గారు.

"ఆడుట మీ విధి. వినుట మా విధి. విధులు కలగాపులగము కారాదు" అన్నారు డైరెక్టరు గారు.

ఇన్ని స్పీకర్లు సబ్బుపెట్టెలో పట్టవు కనుక ఒక చెక్కపెట్టె చేయించారు. చిన్న సబ్బుపెట్టెని పెద్ద పెట్టె నెత్తిన కూర్చోబెట్టి, లోపలినుంచి వైర్లు లాగారు. పండక్కి కొత్త అల్లుడు కూర్చున్నట్టు కూర్చుంది, ఏం మాట్లాడాలో తెలియకుండా.

రెండో పరీక్షలో జేడీ గారి కన్ను తలనొప్పి మందు మూత మీద పడింది. "ఇది యేల మూసి ఉన్నది?"

కెజియా గారు ముందూ వెనకా శబ్దాల సంగతి మళ్లీ మొదటినుంచీ చెప్పింది. జేడీ గారు ఓపిగ్గా విన్నారు. విని, "అమ్మా, నీవు చెప్పునది భౌతికశాస్త్రము. నేను అడుగునది పారదర్శకత. మూసిన మూత వెనుక ఏమి జరుగుచున్నదో తెలిసికొను హక్కు పౌరులకు ఉన్నదా, లేదా?" అన్నారు.

"పౌరులకేముంటుందండీ అందులో? దూదే ఉంది."

"దూది ఉన్నదని మీరు చెప్పుచున్నారు. పౌరులు చూచిరా?"

ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మూతకి బెజ్జాలు కొట్టించారు. డ్రిల్లు తిరుగుతున్నంతసేపూ ఆవిడ చెవులు మూసుకుని నిలబడింది. నాకు పన్ను పీకుతున్నట్టే అనిపించింది, కానీ ఫైలు నా చేతిలో ఉంది, వదలకూడదు. బెజ్జాలయ్యాక మీట నొక్కారు. దోమ చచ్చిపోయింది. దోమ ప్లేసులో ఎవరో దూరంగా ప్లాస్టిక్ సంచీ నలుపుతున్నట్టు ఒక చప్పుడు.

"ఇప్పుడు శబ్దమార్గము స్పష్టముగా కనిపించుచున్నది" అన్నారు జేడీ గారు.

"వినపడట్లేదండి!" అని అరిచింది ఆవిడ.

"వినపడుట వేరే సెక్షను చూచును."

ఆ వేరే సెక్షను నాదే. వినపడకపోతే ఏం చెయ్యాలని ఫైలు పెట్టాను. స్పీకర్లు పెంచవలెనని సమాధానం వచ్చింది.

ఆ వారంలోనే ఆవిడ భర్త వచ్చాడు. పేరు ఏబేలు. ఒకప్పుడు లారీ డ్రైవరు. బ్యాటరీ పేలి, యాసిడ్ మొహాన పడి రెండు కళ్లూ పోయాయి. మనిషి నిలువెత్తు, గొంతు ఇంకా హైవే మీదే ఉంది. కెజియా గారి భుజం మీద చెయ్యి వేసుకుని వచ్చి, నా టేబుల్ ముందు నిలబడి, నా కుర్చీ కిర్రుమన్న వైపు మొహం తిప్పాడు.

"రాజు గారూ, నా దోమని ఎప్పుడు వదుల్తారండి?"

"ప్రాసెస్‌లో ఉంది బాబూ."

"దానికి మేత అయ్యీ పెడతన్నారా? సన్నబడిపోద్దేమో" అని పెద్దగా నవ్వాడు. ఆఫీసంతా నవ్వింది. ఆ నవ్వు తగ్గాక చిన్నగా చెప్పాడు.

"ఒక మాటండి. కళ్లు పోయినకాణ్ణించీ నాతో ఆడినోళ్లందరూ ఓడిపోతన్నారండి. మా బావమరిది పేకాటలో నన్నెప్పుడూ గెలవనిచ్చినోడు కాదు, ఇప్పుడు నేను తడిమి చూసుకోడానికి ముక్కలకి గుర్తులు పొడిచి మరీ రోజూ ఓడతాడు. మా ఆవిడా ఓడతాది. కార్డు తీసేటప్పుడు ఊపిరి బిగబడతారండి, నాకు తెల్దా? జాలిపడి ఓడతారు. ఈ దోమొక్కత్తే జాలిపడదు. ఆలస్యం చేశానా, కుట్టి పారేత్తాది. మొదటి రోజు అది నన్ను కుట్టినప్పుడు నేను ఎంత నవ్వానో మా ఆవిణ్ణి అడగండి."

కెజియా గారు కిటికీలోంచి బయటకు చూస్తోంది. అప్పటిదాకా అది నాకు ఒక ఫైలు. ఆ నిమిషం నుంచి అది ఒకడి నవ్వు, మేం తాళం వేసి దాచాం. ఫైలు పట్టుకుని డైరెక్టరు గారి గదిలోకి ఉరికాను. అలా ఉరకడం నా సర్వీసులో అదే మొదలు.

ఆయన నిదానంగా చదివి రాశారు: "దరఖాస్తుదారు భర్త అభ్యర్థన సానుభూతితో పరిశీలించబడినది."

"అంటే ఇచ్చేయమనాండీ?"

"పరిశీలించబడినది అనగా పరిశీలన పూర్తి అయినది. సానుభూతి కూడ వాడితిమి. ఇంక ఏమి కావలెను?"

సరే, ముఖ్య అతిథి చెవిదాకా దోమని చేర్చడం ఒక్కటే దారి. ప్రదర్శన దగ్గరపడింది. ముఖ్య అతిథి గారి హోదాకు స్పీకర్లు బజారులో దొరకవన్నారు. ఊళ్లో పెళ్లిళ్లకీ సభలకీ మైకు సెట్టు పెట్టే సత్తిరాజుని పిలిపించారు. అతను బీరువాలంతేసి సౌండు బాక్సులు దింపి, వైర్లు భుజాన వేసుకుని అడిగాడు.

"ఏ పాట సార్?"

"పాట కాదు. దోమ."

సత్తిరాజు ఎన్నో సభలు చూసినవాడు. కనురెప్ప ఆర్పలేదు. "ఎకో పెట్టమంటారా?"

డైరెక్టరు గారు ఆలోచించి, "ముఖ్య అతిథి గారికి రెండుసార్లు వినపడును గదా, పెట్టుడు" అన్నారు.

ఇక్కడే నాకొక అనుమానం వచ్చింది, వచ్చినా రాకూడని అనుమానం. ఆ వస్తువుకి దరఖాస్తు పెట్టింది "హస్తగత క్రీడా పరికరము" అనే విభాగంలో. అంటే చేత్తో పట్టుకుని ఆడేది. ఇప్పుడు దాన్ని ట్రాక్టరు ట్రాలీ కూడా నడుం పట్టుకుని ఎక్కించుకుంటోంది. విభాగం మారితే దరఖాస్తు చెల్లదు, మళ్లీ మొదటికొస్తుంది. వెళ్లి చెప్పాను.

డైరెక్టరు గారి ముఖం వెలిగిపోయింది. ఇలాంటి చిక్కుముడి కోసమే ఆయన ఉద్యోగంలో చేరారేమో అనిపించింది. "సూరపరాజు గారూ, నిబంధనలో హస్తగతము అని ఉన్నది. ఎన్ని హస్తములో ఉన్నదా?"

"లేదండి."

"లేనిదానిని ఉన్నట్లు ఊహించుట పరిపాలనకు విరుద్ధము. ఎన్ని హస్తములు అవసరమో అన్ని హస్తములు సమకూర్చుడు."

మండలిలో ఉన్న మగసిబ్బంది అందరికీ హస్తవిధి వేశారు. పెట్టె కింద వెదురు బొంగులు కట్టారు. అన్ని భుజాలూ ఒక్కసారి లేవాలి కనుక, "ఓ... హైలెస్సా" అనడానికి డైరెక్టరు గారి అనుమతి తీసుకున్నారు. క్యాషియరు గారు పొట్టి, ఆయన భుజానికి బొంగు అందలేదు. ఆయన్ని ఒక పీట మీద ఎక్కించి, పీట మోయడానికి ఇంకొకణ్ణి పెట్టారు. మీటలు మాత్రం పైన సబ్బుపెట్టె మీదే ఉన్నాయి, వాటిని నొక్కాలంటే నిచ్చెన కావాలి.

ప్రదర్శన రోజు పొద్దున్నే కల్యాణమండపం దారికి రెండు వైపులా బ్లీచింగ్ పౌడరు ముగ్గులు పడ్డాయి. పెద్దలు వచ్చినప్పుడు మా ఊళ్లో క్రిములకు అలా దారి చూపిస్తారు. మున్సిపల్ ఆరోగ్యాధికారి గారు దోమల పొగ బండిని గుమ్మం దగ్గరే సిద్ధంగా నిలబెట్టారు. ముఖ్య అతిథి గారు ఉన్నంతసేపూ ప్రాంగణంలో ఒక్క దోమ వినపడినా తక్షణం పొగ వేయవలెనని వారికి పైనుంచి ఉత్తర్వు ఉంది. ఆ సంగతి వారు మాకు చెప్పలేదు. మా దోమ సంగతి మేమూ వారికి చెప్పలేదు. శాఖలు వేరు.

ముఖ్య అతిథి గారు వచ్చారు. దీపం వెలిగించారు. శాలువాలు కప్పించుకున్నారు. కిందటేడు ఫోటో తీసినవాడు మొదటి వరసలో కెమెరా తుడుచుకుంటూ కూర్చున్నాడు. వెనక వరసలో ఏబేలు, కెజియా గారు. ఇంటికి తీసుకెళ్లిపోవడానికి ఆవిడ ఒక చేతిసంచీ తెచ్చుకుంది.

"ఓ... హైలెస్సా" అంటూ హస్తగత పరికరం వేదిక మీదకు ఊరేగివచ్చింది. దాని మెడలో బంతిపూల దండ. డైరెక్టరు గారు మైకు ముందుకొచ్చి, "సామాన్యుని అరచేతిలోనికి సాంకేతికత" అని మొదలుపెట్టి చాలాసేపు చెప్పారు. బొంగుల కింద క్యాషియరు గారి మోకాళ్లు వణుకుతున్నాయి. ఉపన్యాసం అయ్యాక, మీట నొక్కే హోదా ఎవరిదన్న మీమాంస రాకుండా ముందే నిర్ణయించినట్టు, జేడీ అనసూయాదేవి గారు నిచ్చెన ఎక్కి చూపుడువేలితో నొక్కారు.

ఏం చెప్పను? దోమ బయల్దేరింది. ఎకోతో బయల్దేరింది. హెలికాప్టరొకటి కల్యాణమండపం లోపలే దిగుతున్నట్టుంది. తోరణాలు ఊగాయి. పళ్లెంలోని కొబ్బరికాయ దొర్లి కిందపడింది. పిల్లల్ని ఎత్తుకుని ఆడవాళ్లు లేచారు. ముఖ్య అతిథి గారు రెండు చేతులతో రెండు చెవులూ మూసుకున్నారు. సర్క్యులర్‌లో చెవికి చెయ్యి అడ్డం పెట్టకూడదని ఉంది కానీ ఇలా మూసుకోకూడదని లేదు, అయినా నాకు దిగులేసింది. ఫోటో కూడా పడింది.

"ఆపండయ్యా!" అన్నారాయన.

"ఆపుటకు అనుమతి..." అని డైరెక్టరు గారు ఎవరినో వెతుకుతున్నారు. జేడీ గారు నిచ్చెన మీదే బిగుసుకుపోయారు. హస్తవిధిలో ఉన్నవారెవరూ చేతులు వదిలే స్థితిలో లేరు.

దోమ వినపడింది కదా. ఆరోగ్యాధికారి గారు తన విధి తాను నిర్వర్తించారు. పొగ బండి గుమ్మంలోంచి మూతి లోపల పెట్టింది. డుగు డుగు డుగు మంటూ తెల్లటి పొగ వరసలు వరసలుగా జనం మీదుగా వేదిక ఎక్కింది. మొదట వెనక వరసలు పోయాయి, తరువాత ముందు వరసలు, ఆఖర్న శాలువాలు. నా చెయ్యి నాకే కనిపించలేదు.

పొగ అంటే సత్తిరాజుకి తెలిసిన అర్థం ఒక్కటే. వైరు కాలింది. "మెయినూ!" అని అరిచి కరెంటు పీకేశాడు. బీరువాలు నోరు మూసుకున్నాయి. ఎవరో బండి కూడా ఆపేశారు. ఒక్కసారి అంత నిశ్శబ్దమైపోయేసరికి ఎవరూ కదల్లేదు, దగ్గలేదు కూడా.

ఆ నిశ్శబ్దంలో, పెట్టె నెత్తిమీద, తన సొంత బ్యాటరీతో చిన్న సబ్బుపెట్టె ఒక్కటే నడుస్తోంది. ప్లాస్టిక్ సంచీ నలిగినట్టు, బలహీనంగా.

"అదిగో నాది!" అంది ఏబేలు గొంతు.

పొగలో అందరం గుడ్డివాళ్లమే. కుర్చీలు తన్నుకుని పడేవాళ్లం పడుతున్నాం. ఒక్క మనిషి అడుగులు మాత్రం తిన్నగా వస్తున్నాయి. "తప్పుకోండి బాబూ... అమ్మా, కాలు తీసుకో... ఎవరిదండీ ఈ పొట్టా, కాస్త లోపలికి లాక్కోండి." ఆ పొట్ట డైరెక్టరు గారిదని నా అనుమానం. నిచ్చెన కిర్రుమంది. "మేడం గారూ, మీరు దిగండి, నేనెక్కాలి." జేడీ గారు దిగినట్టున్నారు. వైర్లు పటపటా ఊడిన చప్పుడు వినిపించింది.

"ఎవర్రా దీన్ని పొడిచింది?" అన్నాడు. వేళ్లకి బెజ్జాలు తగిలినట్టున్నాయి. ఆ పైన ఏం చేశాడో తరువాత చెప్పాడు. సబ్బుపెట్టెని అరచేతిలో బోర్లించి, బెజ్జాలన్నీ బొటనవేలితో అదిమిపట్టాడట. అంతే.

దోమ బతికింది.

ఆ బొంగురు తిరిగొచ్చింది. దూరంగా మొదలై, పొగలోంచి నన్నే వెతుక్కుంటూ వస్తున్నట్టు, సన్నగా, నిజంగా. బీరువాలు చెయ్యలేని పని రూపాయి బిళ్ల చేసింది. హాలంతా ఊపిరి బిగబట్టింది. కూత ఆగింది. ఛెళ్లు ఛెళ్లుమని చెంపలు వాయించుకున్న చప్పుడు, ముందు వరసలోంచి, వెనక వరసలోంచి, సీనియారిటీతో పని లేకుండా. అందులో ఒకటి వేదిక మధ్యనుంచి వచ్చింది.

"ఇక్కడెక్కడో దోముందయ్యా!" అన్నారు ముఖ్య అతిథి గారు.

టక్కుమని మీట నొక్కిన చప్పుడు. "పట్టాశాను!" అని ఏబేలు కేక.

నేను అక్కడే నిలబడి సర్క్యులర్ మనసులో చదువుకున్నాను. ఆయన కుర్చీలోంచి లేవలేదు. మెడ చాచలేదు. చెవికి చెయ్యి పెట్టలేదు, చెంపకి పెట్టారు. విన్నారు. ముఖ్య అతిథి వినువరకు అన్నాం, విన్నారు. మండలి స్వాధీనం అక్కడితో తెల్లారిపోయింది. ఆ వాక్యం టైపు చేసిన చేతులు నావే, నాకు తెలియదా?

గొంతు వినపడ్డ వైపు వెళ్లి ఏబేలు మోచెయ్యి అందుకున్నాను. "బాబూ, పొగ తగ్గేలోపు వెళ్లిపోండి. తగ్గితే మళ్లీ కమిటీ కనపడుద్ది."

"కెజియా ఏదీ?"

"ఇక్కడే ఉన్నానండీ" అంది ఆవిడ, నాకు కనపడని ఎక్కడినుంచో. ఏబేలు దోమని ఆవిడ సంచీలో వేసి, మమ్మల్నిద్దర్నీ చెరో చేతా పట్టుకుని, ఒక్క కుర్చీ తగలకుండా గుమ్మం దాకా నడిపించుకెళ్లాడు. నేను వెనక్కి వెళ్లి నా స్థానంలో నిలబడ్డాను.

పొగ విడిపోయింది. బొంగుల కింద హస్తవిధి వాళ్లు ఇంకా నిలబడే ఉన్నారు, దించమని ఎవరూ చెప్పలేదు. ముఖ్య అతిథి గారి చెంప ఎర్రగా ఉంది, మొహంలో మాత్రం సంతోషం. "కిందటేడు కంటే నయమయ్యా. ఒక్క యంత్రం నాకు బ్రహ్మాండంగా వినపడింది" అన్నారు.

"ఏ యంత్రమండీ?" అన్నారు డైరెక్టరు గారు, చేతులు కట్టుకుని.

"అదేనయ్యా, డుగు డుగుమంది."

ఉత్తమ ధ్వని పురస్కారం పొగ బండికి ఇచ్చారు. మున్సిపల్ ఆరోగ్యాధికారి గారు శాలువా కప్పించుకుని కళ్లు తుడుచుకున్నారు. పొగ వల్లనో మరెందువల్లనో. వచ్చే ఏటినుంచి ప్రతి శబ్ద పరికరానికీ డీజిలు ఇంజను తప్పనిసరి చేస్తూ సర్క్యులర్ ముసాయిదా తయారుచేయమని డైరెక్టరు గారు నా చెవిలో చెప్పారు. వందన సమర్పణ మొదలైంది. దాంట్లో నా పేరు ఉంటుందని తెలిసినా బయటికొచ్చేశాను.

బస్టాపులో వాళ్లిద్దరూ ఉన్నారు. బెజ్జాల మీద కెజియా గారు చేతిసంచీలో ఉన్న ప్లాస్టరు ముక్క అతికించేసింది. ఏబేలు ఆడుతున్నాడు. కుట్టించుకున్నాడు. "కుట్టిందే! మళ్లీ కుట్టిందే దొంగముండ!" అని తొడ చరుచుకుని నవ్వుతున్నాడు. ఆవిడ కూడా నవ్వుతోంది. ఆవిడ నవ్వు అంతవరకూ నేను చూడలేదు.

"రాజు గారేనా? చెప్పుల చప్పుడు మీదే. రండి, ఒక ఆట ఆడండి" అన్నాడు.

కూర్చున్నాను. మీట నొక్కాను. వచ్చింది, తిరిగింది, ఆగింది. నేను తొందరపడ్డాను. ఎగిరిపోయింది. మళ్లీ వచ్చింది, ఈసారి ఆలస్యం చేశాను, కుట్టింది. ఓడిపోయినందుకు ఓ వెక్కిరింపు కూత కూడా పెట్టింది ఆవిడ అందులో. నాకు ఒళ్లు మండింది.

ఏబేలు నవ్వు ఆపి, మొహం నా వైపు తిప్పాడు. "రాజు గారూ, నిజం చెప్పండి. జాలిపడి ఓడిపోలేదు కదా?"

"జాలేంటయ్యా!" అని అరిచాను. "చూస్తూ చూస్తూ నన్ను కుట్టి పోయింది! ఆగు, మళ్లీ ఆడతాను!"

ఏబేలు నా మాట చివరిదాకా విని, ఊపిరి కూడా విని, పెళ్లాం వైపు తిరిగి బస్టాపు అదిరేలా కేకేశాడు. "విన్నావటే కెజియా! నిజంగా ఓడిపోయాడే!"